ఆపరేషన్ తర్వాత నెలన్నర: పాడి ఉన్న ఇంట తీసుకోవలసిన జాగ్రత్తలు

(ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల సభ్య సంఘాల కోసం. కార్యదర్శులు ఈ పాఠాన్ని నెలవారీ సమావేశంలో చదివి వినిపించగలరు.)

కట్టిన ఎనుము ఒక పూట కుడితి ముట్టకపోతే ఆ సంగతి మన ఇంట్లో అందరికీ తెలుస్తుంది. చెవులు పట్టి చూస్తాం. పొదుగు తడిమి చూస్తాం. పేడ ఎలా వేసిందో చూస్తాం. తెల్లవారేసరికి పశువైద్యశాల దారి పడతాం. ఇలా కనిపెట్టి చూసే గుణమే పాడి రైతుకు అసలైన పెట్టుబడి. కాని అదే ఇంట్లో ఆపరేషన్ చేయించుకొని వచ్చిన మనిషి రెండు పూటలు అన్నం ముట్టకపోతే, "నీరసం, నాలుగు రోజుల్లో అదే పోతుంది" అని సరిపెట్టుకుంటాం. పశువు మీద పెట్టే చూపు మనిషి మీద కూడా పెట్టాలని చెప్పడమే ఈ పాఠం ఉద్దేశం.

మేము వైద్యులం కాము. మేము రాసేది ఆసుపత్రి వారు చెప్పిన మాటకు బదులు కాదు. డాక్టరు చెప్పినదానికీ ఇక్కడ రాసినదానికీ తేడా వస్తే డాక్టరు మాటే వినాలి. అయితే ఆసుపత్రిలో డాక్టరు చూసేది కొద్ది రోజులే. మిగిలిన నెలన్నర చూడవలసినది ఇంటివారు. ఆ ఇంటివారి కోసమే ఈ పాఠం.

ఒక ఇంటిని ఊహించుకుందాం

పేరు అక్కరలేదు. ఇలాంటి ఇల్లు ఏ ఊళ్ళోనైనా ఉండవచ్చు. ఇంటి ఇల్లాలికి ముప్పయి నాలుగేళ్ళు. రెండు ఎనుములు, ఒకటి పాలిస్తున్నది, ఒకటి చూడిది. పాలు పితికేది, మేత వేసేది, కేంద్రానికి పాలు పోసేది ఆమే. గర్భసంచి ఆపరేషన్ అయి ఐదో రోజున ఇంటికి వచ్చింది. అత్త రెండు రోజులు కొట్టం పని చూసింది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. ఎనిమిదో రోజున "ఒక్క పూటే కదా" అని కోడలు లేచి చొప్ప మోపు ఎత్తింది.

మరునాడు కుట్ల కింది భాగంలో తడి కనిపించింది. చెమట అనుకుంది. పదో రోజు సాయంత్రం చలి పుట్టింది. ఊళ్ళోనే ఒక సూది వేయించుకుంది. జ్వరం తగ్గినట్లే తగ్గి మళ్ళీ వచ్చింది. పాల బిల్లు వచ్చే రోజు దగ్గర పడుతున్నదని ఎవరికీ చెప్పలేదు. పన్నెండో రోజున పొట్ట ఉబ్బి, మాట తడబడితే అప్పుడు బండి కట్టించారు. మళ్ళీ ఆపరేషన్, మూడు వారాలు ఆసుపత్రి. ఇంటి దగ్గర కొత్త చేతికి ఎనుము పాలు చేపలేదు, పొదుగువాపు వచ్చింది. చివరికి ఆ ఎనుమును అమ్మి ఆసుపత్రి ఖర్చులు కట్టారు.

మోపు ఎత్తడం వల్లే చీము పట్టిందని మేము అనడం లేదు. లోపల మొదలైన చీమును నాలుగు రోజులు ఎవరూ చూడలేదు. తడి కనిపించిన రోజునే ఆసుపత్రికి పోయి ఉంటే ఒక పూట పనితో తీరిపోయేదేమో. నష్టం అంతా ఆ నాలుగు రోజుల్లోనే ఉంది.

మన వైపు ఎక్కువగా జరిగే ఆపరేషన్లు

కుటుంబ నియంత్రణ ఆపరేషన్, సిజేరియన్ కాన్పు, గర్భసంచి తీసివేత, హెర్నియా, బుడ్డ, మనవారు "ఇరవై నాలుగు గంటల నొప్పి" అని పిలిచే అపెండిక్స్, పెద్దవారికి కంటి శుక్లం, ఇవి మన పల్లెల్లో తరచు వినే ఆపరేషన్లు. గర్భసంచి తీసివేత గురించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. 2015-16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుండి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవారు దేశం మొత్తం మీద నూటికి మూడు మంది ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది ఉన్నారు. దేశంలో మనదే ఎక్కువ. కనుక ఆపరేషన్ తప్పదా, మందులతో నయం కాదా అని మరో డాక్టరును అడిగి తెలుసుకోవడం తప్పు కాదు. తప్పదని తేలితే ఆ తర్వాతి నెలన్నరను ఆపరేషన్‌లో భాగంగానే లెక్కపెట్టాలి.

ఆదోని, ఎమ్మిగనూరులలో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. పెద్ద జబ్బులకు కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. దానికి అనుబంధమైన వైద్య కళాశాల 1957లో మొదలైంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనిది. ఇప్పటికీ మనవారు చాలామంది వైద్యానికి బళ్ళారి పోతుంటారు. ఎక్కడ చేయించుకున్నా ఒక విషయం మరువరాదు. ఆదోని నుండి కర్నూలు సుమారు వంద కిలోమీటర్లు. లోపలి ఊళ్ళ నుండి ఆదోని రావడానికే గంట పట్టవచ్చు. దూరంలో ఉన్నవారు దగ్గర ఉన్నవారి కంటే ముందుగా కదలాలి. "రేపు చూద్దాం" అనే మాట పట్నంలో ఉన్నవారికి కొంత చెల్లుతుందేమో, మనకు చెల్లదు.

గాయం ఎలా మానుతుంది

కుట్లు విప్పడంతో గాయం మానినట్లు కాదు. పొట్ట మీది కుట్లను సాధారణంగా ఏడు నుండి పధ్నాలుగు రోజుల మధ్య విప్పుతారు. అప్పటికి పై చర్మం మాత్రమే అతుక్కొని ఉంటుంది. మూడు వారాలకు గాయానికి వచ్చే బలం మామూలు చర్మం బలంలో సుమారు ఐదో వంతు. మూడు నెలలకు నూటికి ఎనభై వంతుల వరకు వస్తుంది. పూర్తి బలం ఎన్నటికీ రాదు. పైకి ఆరినట్లు కనబడే ఇంటి గోడ లోపల పచ్చిగా ఉన్నట్లే ఇదీ. పచ్చి గోడ మీద దూలం ఎత్తము కదా. అందుకే పొట్ట ఆపరేషన్ల తర్వాత నాలుగు నుండి ఆరు వారాలు బరువు ఎత్తవద్దని చెబుతారు. తొందరపడితే లోపలి కండ విచ్చుకొని, గాయం దగ్గర హెర్నియా దిగవచ్చు. అప్పుడు మళ్ళీ ఆపరేషన్ తప్పదు.

మొదటి ఒకటి రెండు రోజులు కొద్దిపాటి జ్వరం, గాయం చుట్టూ కాస్త వాపు, నొప్పి సహజం. నొప్పి రోజురోజుకు తగ్గాలి. ఇదే ముఖ్యమైన కొలబద్ద. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్ళీ పెరిగితే ఏదో జరుగుతున్నదని అర్థం. చీము పట్టడం ఎక్కువగా ఇంటికి వచ్చిన తర్వాతనే బయటపడుతుంది. ఆపరేషన్ అయిన ముప్పయి రోజుల వరకు ఆ భయం ఉన్నట్లే లెక్క.

రెండు పూటలా చూడవలసినవి

మనకు ఉదయం, సాయంత్రం పాలు పితికే వేళలు తప్పవు. ఆ రెండు వేళలనే రోగిని చూసే వేళలుగా పెట్టుకోండి. ఇంట్లో ఒకరు ఈ పని తమదిగా తీసుకోవాలి. అందరి పని అయితే ఎవరి పనీ కాదు.

1. జ్వరం: థర్మామీటరుతో చూడాలి. చేయి పెట్టి చూస్తే సరిపోదు. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే రాసిపెట్టి, ఆసుపత్రికి తెలపాలి. పశువుల జ్వరం చూసే థర్మామీటరును మనుషులకు వాడరాదు.

2. గాయం: చేతులు సబ్బుతో కడుక్కున్న తర్వాతనే కట్టు దగ్గరకు పోవాలి. ఎరుపు పాకుతున్నదా, వేడిగా ఉందా, వాచిందా, తడిగా ఉందా, వాసన వస్తున్నదా, కుట్టు విచ్చిందా చూడాలి.

3. మూత్రం, విరేచనం: మూత్రం సాఫీగా వస్తున్నదా, మంట ఉందా అడగాలి. పొట్ట ఆపరేషన్ అయినవారికి గాలి పోతున్నదా, పొట్ట ఉబ్బిందా తెలుసుకోవాలి. సిగ్గుపడి చెప్పకపోతే అత్తో, వదినో, తోడికోడలో అడిగి తెలుసుకోవాలి.

4. కాళ్ళు: రెండు పిక్కలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే అది అలసట కాదు. కాలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు.

5. తిండి, తెలివి: తిన్నది నిలుస్తున్నదా, మాట సరిగా ఉందా, ఎప్పటి మనిషిలాగే ఉన్నారా గమనించాలి.

ఈ ఐదింటినీ పిల్లల నోటుపుస్తకంలో తేదీ వేసి రాస్తే డాక్టరుకు ఎంతో మేలు. "మొన్నటి నుండి జ్వరం" అనడానికీ, "మంగళవారం సాయంత్రం 101, బుధవారం ఉదయం 102" అనడానికీ చాలా తేడా ఉంది. పాలకు కొలత, వెన్న శాతం రాసుకునే మనకు ఇది కొత్త పని కాదు.

ఆగకుండా కదలవలసిన గుర్తులు

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా బస్సు కోసం, బిల్లు కోసం, తెల్లవారడం కోసం ఆగరాదు. 108కి ఫోన్ చేయాలి. ఈ అంబులెన్సు సేవ మన రాష్ట్రంలో 2005 నుండి ఉచితంగా అందుతున్నది.

— ఒక్కసారిగా ఆయాసం, గుండెల్లో నొప్పి, దగ్గితే రక్తం. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరితే ఇలా అవుతుంది. ఇది నిమిషాలతో పని.

— గాయం నుండి గాని, కాన్పు దారి నుండి గాని ఆగని రక్తం. గంటకో గుడ్డ తడిసిపోతున్నదంటే ప్రమాదం.

— గాయం విచ్చుకొని లోపలి భాగం కనిపించడం. శుభ్రమైన తడి గుడ్డ కప్పి, పడుకోబెట్టి తీసుకుపోవాలి. లోపలికి నెట్టరాదు.

— పొట్ట గట్టిపడి ఉబ్బడం, ఆగని వాంతులు, గాలి కూడా పోకపోవడం.

— వణుకుతో జ్వరం, మాట తడబాటు, చేతులు కాళ్ళు చల్లబడడం, మూత్రం బాగా తగ్గిపోవడం. చీము రక్తంలోకి పాకిందని గుర్తు.

— దవడ బిగుసుకొని నోరు తెరుచుకోకపోవడం, మెడ పట్టేయడం. ఇది ధనుర్వాతం కావచ్చు.

ఇక అదే రోజున ఆసుపత్రికి చూపించవలసినవి: జ్వరం 100.4 దాటడం, గాయంలో చీము లేదా దుర్వాసన, పెరుగుతున్న నొప్పి, ఒక పిక్క వాపు, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోవడం. ఒక పిక్క వాచినప్పుడు దానిని పిసకరాదు, నూనె రాసి మర్దన చేయరాదు.

ఆపరేషన్ చేసినచోటికే పోవడం మంచిది. వారి దగ్గర వివరాలు ఉంటాయి. ప్రాణాపాయం ఉంటే మాత్రం దగ్గరి ఆసుపత్రికే ముందు పోవాలి. ఏ ఆసుపత్రికి పోయినా డిశ్చార్జి కాగితం వెంట ఉండాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అనే పేరుతో ఉన్న పథకం కింద ఆపరేషన్ జరిగితే ఆ కాగితాలను కూడా ఒకే సంచిలో ఉంచండి. ఆ సంచి ఎక్కడ ఉందో ఇంట్లో కనీసం ఇద్దరికి తెలియాలి.

ఒక్కొక్క ఆపరేషన్‌కు ప్రత్యేకంగా

సిజేరియన్: దుర్వాసనతో మైల పోవడం, జ్వరం ఉంటే ఆలస్యం చేయరాదు. విపరీతమైన తలనొప్పి, కళ్ళు మసకబారడం, మూర్ఛ వస్తే రక్తపోటు పెరిగిందని అనుమానించాలి. కాన్పు అయిన ఆరు వారాల వరకు ఈ భయం ఉంటుంది. నడుముకు మత్తు సూది వేసినవారికి కూర్చుంటే తలనొప్పి వచ్చి, పడుకుంటే తగ్గుతుంటే అది ఆ సూది వల్ల కావచ్చు, డాక్టరుకు చెప్పాలి.

గర్భసంచి తీసివేత: మూత్రం తెలియకుండా కారుతూ ఉంటే సిగ్గుతో దాచవద్దు. దీనికి చికిత్స ఉంది. అండాశయాలు కూడా తీశారా అని తప్పక అడిగి తెలుసుకోవాలి. తీసివేస్తే చిన్న వయసులోనే ఒంట్లో ఆవిర్లు రావడం, ఎముకలు బలహీనపడడం జరుగుతుంది.

కుటుంబ నియంత్రణ: స్త్రీలకు ఆపరేషన్ తర్వాత ఎప్పుడైనా నెల తప్పి, పొత్తికడుపులో నొప్పి వస్తే వెంటనే చూపించాలి. అరుదుగా గర్భం నాళంలో నిలవవచ్చు, అది ప్రాణాపాయం. పురుషులకు ఆపరేషన్ అయిన రోజు నుండే రక్షణ ఉండదు. మూడు నెలలు ఆగి, పరీక్ష చేయించిన తర్వాతనే నమ్మాలి.

శుక్లం: కంట్లో నొప్పి, ఎరుపు, వచ్చిన చూపు మళ్ళీ తగ్గడం, ఈ మూడింటిలో ఏది కనిపించినా ఆ రోజే పోవాలి. రాత్రి గడిస్తే కన్నే పోవచ్చు. చుక్కల మందు వేసే ముందు చేతులు కడగాలి. పొయ్యి పొగ, చొప్ప దుమ్ము, పత్తి నూగు తగలకుండా చూడాలి. డాక్టరు చెప్పేవరకు తలంటు వద్దు.

కొట్టం, పేడ, చేతులు

1847లో వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు పనిచేసే ప్రసూతి వార్డులో కొన్ని నెలల్లో నూటికి పదిమందికి పైగా బాలింతలు జ్వరంతో చనిపోయేవారు. శవపరీక్ష గది నుండి నేరుగా వచ్చి కాన్పులు చేసే చేతులే అందుకు కారణమని ఆయన కనుగొన్నాడు. బ్లీచింగ్ పౌడరు జాతి మందు కలిపిన నీళ్ళతో చేతులు కడిగించాడు. కొద్ది నెలల్లోనే చావులు బాగా తగ్గిపోయాయి. ఇరవై ఏళ్ళ తర్వాత, 1867లో, లిస్టర్ అనే డాక్టరు కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను శుభ్రం చేసే పద్ధతిని లోకానికి తెలిపాడు. నేటి ఆపరేషన్లన్నీ ఈ శుభ్రత మీదే నిలిచి ఉన్నాయి. పొదుగు కడగండి, చేతులు కడగండి, గిన్నె కడగండి అని మేము ఏళ్ళ తరబడి చెబుతున్నది ఈ సూత్రమే. పాలు విరగకుండా కాపాడే శుభ్రతే గాయాన్నీ కాపాడుతుంది.

పేడలో, కొట్టంలోని మట్టిలో ధనుర్వాతం క్రిములు ఉంటాయి. కనుక గాయం పూర్తిగా మానేవరకు రోగి పేడ ఎత్తరాదు, కొట్టం ఊడ్చరాదు. రోగి మంచాన్ని కొట్టం పక్కన వేయరాదు. ఒకే మనిషి పశువులనూ రోగినీ చూసుకోవలసి వస్తే కొట్టం పని ముగించి, కాళ్ళు చేతులు కడిగి, చీర మార్చుకొని రోగి దగ్గరకు రావాలి. గాయానికి పేడ బూడిద, సున్నం, కాఫీ పొడి, ఆకు పసరు పూయరాదు. ఆసుపత్రి వారు చెప్పని దేదీ గాయం మీద పడరాదు. ధనుర్వాతం టీకా వేశారా అని ఆసుపత్రిలోనే అడగాలి.

ఊళ్ళో వేసే సూది గురించి కూడా చెప్పాలి. అర్ధరాత్రి పిలిస్తే పలికే మనిషి మీద మనకు గౌరవం ఉండడం సహజమే. కాని ఆపరేషన్ అయిన మనిషికి జ్వరం వస్తే ఆ సూది జ్వరాన్ని దాచగలదు. లోపలి చీమును తీయలేదు. ఆసుపత్రి వారు రాసిన మాత్రలను చెప్పిన రోజులన్నీ వాడాలి. బాగుందని మధ్యలో మానడం, మిగిలినవి మరొకరికి ఇవ్వడం రెండూ తప్పే.

పప్పు మానవద్దు, పాలు అన్నీ పోయవద్దు

"పప్పు తింటే చీము పడుతుంది" అనే మాట మన ఇళ్ళలో పాతుకుపోయింది. ఇందులో నిజం లేదు. చీము పట్టేది క్రిముల వల్ల. పప్పు వల్ల కాదు. గాయం పూడడానికి ఒంటికి మాంసకృత్తులు కావాలి. అవి పప్పులో, గుడ్డులో, పాలలో, పెరుగులో, శనగకాయల్లో ఉన్నాయి. పథ్యం పేరుతో ఇవన్నీ మాన్పించి, చారన్నంతో నెల గడిపితే గాయం మానడానికి సరుకు ఎక్కడ నుండి వస్తుంది? ఈనిన ఎనుముకు దాణా తగ్గించే రైతు ఎవరూ ఉండరు.

పాలు ఉత్పత్తి చేసే ఇంట్లోనే రోగికి పాలు దొరకకపోవడం మేము చాలాచోట్ల చూశాం. ఉన్న పాలన్నీ కేంద్రానికే పోతాయి. నెలన్నర పాటు రోజుకు అర లీటరు రోగికి ఉంచండి. అర లీటరు ఎనుము పాలలో సుమారు 18 నుండి 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. మూడు గుడ్లలో ఉన్నంత. సమాఖ్య పత్రికలో పాలు తక్కువ పోయమని రాయడం వింతగా తోచవచ్చు. కాని సభ్యురాలు లేచి నిలబడితేనే సంఘం నిలబడుతుంది.

నీళ్ళు తాగితే గాయం నీరు పడుతుందనే భయం కూడా వద్దు. నీళ్ళు తక్కువైతే మలబద్ధకం వస్తుంది. ముక్కితే కుట్ల మీద బరువు పడుతుంది. ఆకుకూర, పండు, జొన్న రొట్టె, మజ్జిగ మంచివి. ప్రేగుల ఆపరేషన్ అయినవారు మాత్రం ఏది ఎప్పుడు తినాలో డాక్టరును అడిగే తినాలి. మధుమేహం, రక్తహీనత ఉన్నవారికి గాయం నెమ్మదిగా మానుతుంది. వారి మందులు ఒక్క పూట కూడా తప్పరాదు.

నడవాలి, కాని మోయరాదు

కొందరు రోగిని మంచం దిగనివ్వరు. మరికొందరు పదో రోజుకే మోపు ఎత్తిస్తారు. రెండూ తప్పే. మంచానికే అంటుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకడుతుంది. ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది. డాక్టరు అనుమతించిన రోజు నుండే ఇంట్లో, తర్వాత వాకిట్లో రోజుకు నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా నడవాలి. గంటకోసారి పది దీర్ఘ శ్వాసలు తీయాలి. దగ్గు వస్తే దిండును పొట్టకు అదిమి పట్టుకొని దగ్గాలి. బీడీ మానాలి. ఆదోని జిన్నింగు మిల్లుల్లో పనిచేసేవారు నూగు వల్ల దగ్గు ఉంటే ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే డాక్టరుకు చెప్పాలి.

ఎంత బరువు ఎత్తవచ్చు? పొట్ట ఆపరేషన్ అయితే మొదటి ఆరు వారాలు ఐదు కిలోలు దాటరాదని అనుకోండి. ఐదు లీటర్ల పాల క్యానే ఐదు కిలోలు దాటుతుంది. నీళ్ళ బిందె, దాణా తట్ట, చొప్ప మోపు, దిగువ కాలువ గట్టు నుండి తెచ్చే పచ్చగడ్డి మోపు, ఇవేవీ వద్దు. గొంతుకు కూర్చొని పాలు పితకడం కూడా పొట్ట మీద ఒత్తిడే. పైగా ఎనుము కాలు విసిరితే గాయానికే తగులుతుంది. ఎమ్మిగనూరు వైపు మగ్గం నేసేవారు గుంటలో కాళ్ళు వేలాడదీసి గంటల తరబడి కూర్చోవడం, తొక్కుళ్ళు తొక్కడం డాక్టరు ఒప్పుకున్న తర్వాతనే మొదలుపెట్టాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం సుగ్గి. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు నుండి మిరప కోతలకు గుంటూరు ప్రాంతానికి కుటుంబాలు తరలిపోతాయి. అడ్వాన్సు తీసుకున్నామని పచ్చి గాయంతో లారీ ఎక్కేవారు ఉన్నారు. గుడారంలో పడక, దూరంగా నీళ్ళు, తెలియని ఊరు, ఆసుపత్రి కాగితాలు ఇంటి దగ్గర. అక్కడ జ్వరం వస్తే ఎవరికి చెప్పుకోవాలి? నెలన్నర నిండనిదే సుగ్గికి పోవద్దని చేతులెత్తి కోరుతున్నాం. తప్పక పోవలసి వస్తే ఆపరేషన్ కాగితాలు వెంట తీసుకుపోండి.

ముందే చేయవలసిన ఏర్పాటు

అపెండిక్స్, సిజేరియన్ వంటివి చెప్పి రావు. కాని హెర్నియా, శుక్లం, గర్భసంచి వంటి చాలా ఆపరేషన్లకు తేదీ మనమే పెట్టుకుంటాం. డాక్టరు ఆగవచ్చునంటే ఎనుము వట్టిపోయిన రోజుల్లో పెట్టుకోండి. పాలిచ్చే రోజుల్లోనే తప్పకపోతే, పది పదిహేను రోజుల ముందు నుండే మరో చేతికి ఎనుమును అలవాటు చేయండి. మొదట పక్కన నిలబెట్టండి, తర్వాత దాణా వేయించండి, తర్వాత పొదుగు కడిగించండి, చివరికి పితికించండి. అలవాటైన చీర కట్టుకొని పోతే ఎనుము త్వరగా చేపుతుందని మన ఆడవారికి తెలిసిన సంగతే. ఈ ఏర్పాటు ఉంటే రోగి మంచం మీద పడుకొని కొట్టం వైపు చెవి పెట్టవలసిన అవసరం ఉండదు.

ఇక సంఘం చేయగలిగినది. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారి చొరవతో 1938లో చేనేత సహకార సంఘం ఏర్పడింది. ఒంటి చేతితో కానిది పది చేతులతో అవుతుందని ఆ ఊరు చూపింది. కలుపులకు, కోతలకు ఒకరింటికి ఒకరు బదులు పోవడం మనకు తెలిసినదే. ఆ బదులు పద్ధతినే కొట్టం పనికి కూడా తేవచ్చు. సభ్యుల్లో ఎవరికైనా ఆపరేషన్ అయితే ఇరుగుపొరుగు సభ్యులు ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకొని మేత, పేడ పని చూడవచ్చు. పాలు కేంద్రానికి చేర్చే పనిని దారిలో వచ్చే సభ్యుడు తీసుకోవచ్చు. రెండు పూటలా పాలు పోయించుకునే కార్యదర్శికి ఎవరు రాలేదో ముందు తెలుస్తుంది. "ఏమమ్మా, మీ కోడలికి ఎలా ఉంది? జ్వరం చూశారా?" అని ఒక మాట అడిగితే ఖర్చు ఏమీ లేదు.

మేము ఊహించిన ఆ ఇంట్లో ఎనిమిదో రోజున ఎవరైనా ఒక్క పూట మేత వేసి ఉంటే, తొమ్మిదో రోజున ఎవరైనా ఆ మాట అడిగి ఉంటే, ఆ ఇల్లాలు మళ్ళీ కత్తి కిందికి పోయేది కాదేమో. ఎనుము కూడా గాడి దగ్గరే ఉండేది.

సమావేశంలో చర్చకు ప్రశ్నలు

1. గత ఏడాదిలో మన సంఘ సభ్యుల ఇళ్ళలో ఎందరికి ఆపరేషన్ అయింది? వారి కొట్టం పని ఎవరు చూశారు?

2. నొప్పి తగ్గుతూ వచ్చి మళ్ళీ పెరిగితే దాని అర్థం ఏమిటి?

3. ఒక పిక్క వాచినప్పుడు చేయవలసినది ఏమిటి? చేయకూడనిది ఏమిటి?

4. "పప్పు తింటే చీము పడుతుంది" అనే మాటకు మీరు ఇంట్లో ఏమని జవాబు చెబుతారు?

5. మన ఊరి నుండి రాత్రిపూట ఆసుపత్రికి పోవడానికి ఎంత సేపు పడుతుంది? బండి ఎవరిది? ఆ ఫోన్ నంబరు పాల కేంద్రం గోడ మీద రాశామా?

ఐదో ప్రశ్నకు జవాబును ఈ సమావేశం ముగిసేలోపే గోడ మీద రాయవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాం.